దుర్భేద్యమైన సర్వర్

సర్వర్‌కు భద్రత పెంచాలని మా టీమ్ లీడ్‌కు బుద్ధి పుట్టింది శుక్రవారం సాయంత్రం. ముహూర్తం సంగతి అలా ఉంచితే, కారణం మాత్రం న్యాయమైనదే. లాగ్ ఫైల్ (సర్వర్ తలుపు ఎవరెవరు తట్టారో రాసుకునే చిట్టా) తెరిస్తే, ఎక్కడెక్కడి యంత్రాలో ‘రూట్’, ‘అడ్మిన్’, ‘టెస్ట్’ అంటూ తోచిన పేరూ తోచిన పాస్‌వర్డూ కొడుతూ పోర్ట్ 22 మీద, అంటే దూరం నుంచి లాగిన్ అయ్యే ద్వారం మీద, పడి ఉన్నాయి. ఇంటర్నెట్‌కు తగిలించిన ఏ సర్వర్‌కైనా ఈ తాకిడి మామూలే. ఆయనకు మాత్రం పరువు సమస్య అయిపోయింది.

టైప్ చేస్తూనే మాకు పాఠం మొదలుపెట్టారు. దూరపు యంత్రాల్లోకి టెల్నెట్‌తో లాగిన్ అయ్యే రోజుల్లో పాస్‌వర్డులు నెట్‌వర్క్‌లో బట్టల్లేకుండా తిరిగేవట. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎవరో వాటిని దారిలో పట్టేస్తే, టాటు ఇలోనెన్ అనే ఆయన అన్నీ రహస్య లిపిలో పంపే ఎస్ఎస్‌హెచ్ అనే లాగిన్ ప్రోగ్రామ్ రాశాడట. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీకి 21, టెల్నెట్‌కు 23 ఉన్నాయి కాబట్టి మధ్యలో ఖాళీగా ఉన్న 22 అడిగి తీసుకున్నాడట. ఇదంతా నిజమే. చిక్కల్లా, చరిత్ర చెబుతున్నప్పుడు ఆయన చేతులు ఏం చేస్తున్నాయో ఆయన చూసుకోరు.

పాత ఖాతాలన్నీ పీకేశారు. ఎస్ఎస్‌హెచ్‌లో రూట్ (సర్వాధికారాలూ ఉన్న ఖాతా) లాగిన్ బంద్. తనకోసం పాస్‌వర్డే లేని కొత్త ఖాతా తెరిచి, అందులో పబ్లిక్ కీ (తన కంప్యూటర్‌లోని రహస్య కీకి మాత్రమే తెరుచుకునే తాళం లాంటిది) పెట్టారు. ‘ఇకమీదట కీ ఉన్నవాడే లోపలికి’ అని పాస్‌వర్డ్ లాగిన్‌కు ‘నో’ రాశారు. పైన కాపలాకు ఫెయిల్‌టుబ్యాన్ అనే ప్రోగ్రామ్. అయిదుసార్లు తప్పు కొడితే పది నిమిషాలు ఆ ఐపీని (నెట్‌లో వాళ్ల చిరునామాను) ఆపడం దాని సహజ స్వభావం. సార్‌కు అది మరీ మెతక శిక్ష అనిపించింది. నిషేధాన్ని శాశ్వతం చేశారు, అదీ అన్ని పోర్టులకూ.

“సార్, ఇంకో విండోలో లాగిన్ అయి చూశాక ఇది మూద్దాం,” అంది మా జూనియర్. సర్వీస్‌ను రీస్టార్ట్ చేసినా అప్పటికే తెరిచి ఉన్న సెషన్ తెగదు, ఏదైనా బెడిసికొడితే అందులోంచే సరిచేయొచ్చు అని ఆ పిల్ల ఉద్దేశం.

“సింటాక్స్ చెక్ చేశానమ్మా, ఒక్క తప్పు లేదు,” అని ఆయన విండో మూసేశారు.

మళ్లీ లాగిన్ అయితే, పాస్‌వర్డ్ అడిగింది.

“నేను తీసేశాను కదా!” అన్నారు సార్. అది మళ్లీ అడిగింది. లేని పాస్‌వర్డును ఎన్ని రకాలుగా కొట్టవచ్చో అన్ని రకాలుగా కొట్టారు. అయిదో తప్పుకి సర్వర్ మాట్లాడటం మానేసింది. ఆఫీసుకంతటికీ బయటి ఐపీ ఒక్కటే కాబట్టి, అదే సర్వర్‌లో ఉన్న మా వెబ్‌సైట్ కూడా మా అందరికీ ఆ క్షణమే మాయమైంది. “సైట్ పడిపోయింది” అని పక్క గదిలోంచి ఒక కేక.

సార్ తన ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేశారు. కొత్త ఐపీ, కొత్త ఆశ, అయిదు తప్పులు. తర్వాత జూనియర్ ఫోన్ అడిగారు. తర్వాత నాది. పక్క టీమ్‌లో ఒకాయన పరిస్థితి గ్రహించి, ఫోన్ జేబులో వేసుకుని మెట్ల దారిన వెళ్లిపోయాడు. వివేకి.

ఇక మిగిలింది సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీవాళ్ల వెబ్ కన్సోల్, అంటే ఎస్ఎస్‌హెచ్‌తో పనిలేకుండా బ్రౌజర్‌లోనే సర్వర్ తెర చూపించేది. అక్కడ రూట్ పాస్‌వర్డ్ పనిచేస్తుంది గానీ పేస్ట్ పనిచేయదు. ముప్పై రెండు అక్షరాలు, సగం గుర్తులు, కన్సోల్‌లో కీబోర్డ్ లేఅవుట్ వేరే. జూనియర్ ఒక్కో అక్షరం చదువుతుంటే ఆయన ఒక్కో మీట నొక్కుతూ లోపల పడేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

లాగ్‌లో అంతా రాసే ఉంది. ఇందాక ఏదో ఫైల్ ఎక్కడం లేదని సార్ తన కొత్త ఖాతా హోమ్ ఫోల్డర్‌కు 777 అనే అనుమతి కొట్టారు. అంటే దారినపోయే ప్రతి ఖాతా అందులో రాయొచ్చు. అలాంటి చోట ఉన్న కీని ఎవరు పెట్టారో ఏమిటో అని ఎస్ఎస్‌హెచ్ నమ్మదు. పైకి మాత్రం కారణం చెప్పకుండా పాస్‌వర్డ్ అడుగుతుంది. అది అడగటానికి కారణం ఇంకొకటి. సర్వర్‌తో పాటు వచ్చిన మరో చిన్న సెట్టింగ్ ఫైల్‌లో ‘యెస్’ అని ఉంది, దాన్నే ముందు చదువుతుంది, ముందు చదివిన మాటే చెల్లుతుంది. సార్ రాసిన ‘నో’ను అసలు పట్టించుకోనేలేదు. పాస్‌వర్డ్ తలుపు ఊరందరికీ తెరిచే ఉంది, మాకు తప్ప.

రెండూ సరిచేశాక నిషేధితుల జాబితా తీశారు. అయిదే అయిదు ఐపీలు. “చూశారా, అప్పుడే ఎంతమంది హ్యాకర్లు దొరికారో,” అన్నారు సార్. జూనియర్ ఒక్కొక్కటే గుర్తుపట్టింది: ఆఫీసు, సార్ ఫోన్, తన ఫోన్, నా ఫోన్.

అయిదోది మాత్రం ఎవరిదో అంతుపట్టలేదు. “వీడే అసలు దొంగ,” అని సార్ ఆ ఐపీని జాగ్రత్తగా కాగితం మీద రాసుకుంటుండగా మేనేజర్‌గారి ఫోన్ వచ్చింది.

“ఏమయ్యా, ఇంటి దగ్గర్నుంచి సర్వర్‌లోకి వెళ్దామంటే నా పాస్‌వర్డ్ తీసుకోవడం లేదు. నాలుగైదుసార్లు కొట్టి చూశాను. ఇప్పుడు వెబ్‌సైట్ కూడా రావడం లేదేంటి?”