కారు వరుస సంఖ్య గేర్‌బాక్స్ జాతకం చెబుతుందా?

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లలో ఒక నమ్మకం గట్టిగా ఉంది. విన్ నంబరులో, అంటే ప్రతి కారుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్యలో, చివరి ఆరంకెలు చిన్నవైతే అది తొలి బ్యాచ్ కారు, గేర్‌బాక్స్ ఇబ్బంది పెడుతుంది; పెద్దవైతే తప్పులన్నీ సరిదిద్దాక వచ్చింది, టెన్షన్ లేకుండా కొనేయొచ్చు అని. ఇందులో నిజం కొంతే. ఆ కొంతను పట్టుకుని జనం డబ్బు పోగొట్టుకుంటుంటే బాధేస్తుంది.

అసలు గేర్‌బాక్స్ కారుతోపాటు పుట్టదు. చాలా కార్లకు జడ్‌ఎఫ్, ఐసిన్, జాట్కో లాంటి సంస్థలు వేరే ఫ్యాక్టరీలో తయారుచేసి పంపుతాయి. దాని సీరియల్ నంబరు దానిదే. ముందు తయారై ర్యాకులో ఉండిపోయిన గేర్‌బాక్స్ తర్వాతి కారులోకి వెళ్లొచ్చు. పైగా కార్లు కూడా విన్ వరుసలోనే లైను దిగవు. అమెరికా రహదారి భద్రతా సంస్థకు ఇచ్చే రీకాల్ (లోపమున్న కార్లను వెనక్కి పిలిచి బాగుచేయడం) నివేదికల్లో ఫోర్డ్ స్వయంగా ఈ మాట రాస్తుంది. అందుకే అక్కడ తయారీ తేదీలు ఇస్తారు.

అలాగని తొలి బ్యాచ్ భయం ఉత్తదేమీ కాదు. కొత్త గేర్‌బాక్స్ వచ్చిన మొదటి ఏడాది నేనైతే ఆగుతాను. మధ్యలో ఆయిల్ కారకుండా ఆపే సీలో, సాఫ్ట్‌వేరో మారితే ముందు కార్లకూ తర్వాతి కార్లకూ తేడా నిజంగానే ఉంటుంది. కానీ లోపం డిజైన్‌లోనే ఉంటే? ఫోర్డ్ పవర్‌షిఫ్ట్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో, ఆయిల్ తగలకూడని పొడి క్లచ్‌ల మీదికి ఆయిల్ కారి కారు వణికేది. సీళ్లు మార్చారు, క్లచ్‌లు మార్చారు. అయినా అమెరికాలో యజమానులు వేసిన దావా 2011 నుంచి 2016 దాకా మోడళ్లలో ఈ గేర్‌బాక్స్ ఉన్న ఫోర్డ్ ఫియస్టా కార్లన్నిటినీ చుట్టింది. ఆరేళ్ల వరుసలో చివర ఉండి ఏం లాభం?

2004లో హోండా రీకాల్ ఇంకా స్పష్టంగా చెబుతుంది. రెండో గేరు దగ్గర వేడి పెరిగి పళ్లు విరిగే ప్రమాదం అది. 15 వేల మైళ్ల లోపు తిరిగిన కార్లకు నేరుగా గేరు మీద ఆయిల్ చిమ్మే జెట్ అమర్చారు. అంతకుమించి తిరిగినవాటిలో గేరు వేడికి రంగు మారిందేమో చూసి, మారితే గేర్‌బాక్సే మార్చారు. అంటే ఒకే రోజు తయారైన రెండు కార్ల దారులు మీటరు దగ్గర విడిపోయాయి.

కొనేముందు విన్‌లోని 17 అక్షరాలూ ఇచ్చి రీకాల్ వివరాలు వెతకండి. గేర్‌బాక్స్ మీది ప్లేటు చదివించండి. దాన్ని ఎప్పుడో మార్చేసి ఉంటే, కారు వరుస సంఖ్యకు దానితో సంబంధమే ఉండదు.