మా స్కూలు కొత్త లోగో గారికి

మహారాజశ్రీ కొత్త లోగో గారి సముఖమునకు,

గ్రేడ్ 5 అయిపోయి గ్రేడ్ 6లోకి వెళ్తున్న ఒక పిల్ల తల్లి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీరు కులాసాగానే ఉంటారని తెలుసు. యూనిఫాం షాపులో ఏసీ కింద, అద్దాల వెనక, మీ ఒక్కరి కోసమే పైనుంచి లైటు కూడా వేసి పెట్టారు. మేం బయట రేకుల షెడ్డు కింద టోకెన్లు పట్టుకుని, మే నెల ఎండలో తమ దర్శనం చేసుకున్నాం. తిరుమల క్యూలో అయితే మజ్జిగన్నా ఇస్తారు.

మధ్యాహ్నమంతా నిలబెట్టి, తీరా నా వంతు వచ్చాక, కౌంటర్‌లో అబ్బాయి స్క్రీన్ వైపు చూస్తూ "32 సైజు స్టాక్ లేదు మేడమ్, రీఓపెన్ అయ్యాక రండి" అన్నాడు. అప్పటిదాకా పాత షర్టు వేసి పంపొచ్చా అని అడిగాను. "పాత లోగో నాట్ అలౌడ్ మేడమ్. కలర్ డ్రెస్‌లో పంపండి" అన్నాడు. అంటే నెమలి బొమ్మల ఫ్రాకు వేసుకుని క్లాసులో కూర్చోవచ్చు గానీ, ఆ స్కూలు చొక్కా వేసుకుని ఆ స్కూలుకే రాకూడదు. దీని మర్మమేమిటో తమరే సెలవివ్వాలి.

"ఏమీ మారదు." ఫిబ్రవరిలో ఆడిటోరియంలో మాకు చెప్పిన మాట ఇది. పాత సారు స్కూలు అమ్మేశారని తెలిసి అందరం టెన్షన్ పడుతుంటే, కొత్త మేనేజ్‌మెంట్ తరఫున సూటు వేసుకున్న ఒక కుర్రాడు స్టేజీ ఎక్కాడు. యాజమాన్యం మారుతుందే తప్ప మీ పిల్లలకు ఏమీ మారదని గుండె మీద చెయ్యి పెట్టుకుని మరీ చెప్పాడు. తర్వాత సమోసా, టీ ఇచ్చారు. నమ్మి చప్పట్లు కొట్టి వచ్చాం. పరీక్షలయ్యేసరికి తమరు దిగారు.

ఇదివరకు మా పిల్లల జేబు మీద ఒక దీపం ఉండేది. దాని కింద తెరిచిన పుస్తకం, ఇంకా కింద తెలుగు అక్షరాల్లో 'తమసోమా జ్యోతిర్గమయ'. పాత సారు వాళ్ళమ్మగారి పేరు చుట్టూ గుండ్రంగా ఉండేది. డిజైన్ గొప్పదని నేననను. దీపం కొంచెం గరిటెలా కనబడేది కూడా. కానీ చూడగానే అది బడి అని తెలిసేది. తమరేమో రెండు వంకర గీతలు, ఒక చుక్క. మీ అర్థం మాకు తెలియదని స్కూలు వాళ్ళే సర్క్యులర్‌లో వివరించారు. మొదటి గీత జిజ్ఞాస. రెండో గీత కరుణ. ఆ చుక్క, మా పిల్ల. లక్షల్లో ఫీజు కడుతున్నా స్కూలు కంటికి మా పిల్ల ఎంత కనబడుతోందో ఇన్నాళ్ళకు బొమ్మతో సహా తెలిసింది. సంతోషం.

అసలు మా స్కూలు చెప్పే ఈ ఐబీ (ఇంటర్నేషనల్ బకలారియేట్) చదువు 1968లో జెనీవాలో మొదలుపెట్టిందే, దౌత్యవేత్తల పిల్లలూ వాళ్ళలాంటి వాళ్ళూ దేశాలు మారుతూ ఉన్నా చదువు దెబ్బతినకూడదని. మేం దేశం మారలేదు. ఊరు మారలేదు. బస్‌స్టాప్ కూడా ఆ పాల బూత్ దగ్గరే. ఉన్నచోట ఉండగానే మాకు సమస్తం మారిపోయింది. గోదావరి హౌస్ 'ఫాల్కన్స్' అయింది, కృష్ణా హౌస్ 'టైటన్స్' అయింది. తుంగభద్ర ఏమైందో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. యూకేజీ పిల్లలకు నల్లగౌనూ టోపీ తొడిగి గ్రాడ్యుయేషన్ డే చేశారు, ఆ పట్టాల మీదా మీరే వెలిగిపోతున్నారు. ఐబీ బడుల్లో కూడా తెలుగు చెప్పాలని 2018లో మన తెలంగాణలో చట్టం వచ్చింది కాబట్టి తెలుగు పీరియడ్ ఉంది. గేటు మీద ఉన్న ఆ నాలుగు తెలుగు అక్షరాలను మాత్రం మీ రాకతో గీకేశారు. ఫీజు పెంచారు, అదేమీ వార్త కాదు. ఏడాదికి పది శాతం దాకా పెంచుకోనివ్వొచ్చని, ప్రైవేటు బడుల ఫీజుల మీద ప్రభుత్వం వేసిన తిరుపతిరావు కమిటీ 2017 చివర్లో రిపోర్టు రాసింది. ఆ 'దాకా' దగ్గర మనవాళ్ళు 'నుంచి' అని చదువుకున్నట్టున్నారు.

మా చిన్నదాని క్లాస్ టీచర్ వెళ్ళిపోయింది. దానికి అన్నం తినేటప్పుడు ఎడమచేత్తో పుస్తకం పట్టుకునే అలవాటుందని నాకంటే ముందు కనిపెట్టిన మనిషి. ఆవిడ వెళ్ళిపోయిందని ఒక్క మెసేజ్ లేదు. పిల్లలు చివరిరోజు బస్సులో ఏడ్చుకుంటూ వచ్చి చెబితే తెలిసింది. మీ నీలం రంగు ఏ ఛాయలో ఉండాలో, మిమ్మల్ని ఎటు వంచకూడదో, ఏ రంగు పక్కన పెట్టకూడదో చెప్పడానికి మాత్రం ఆరు పేజీల పీడీఎఫ్ పంపారు. నేను మొత్తం చదివాను.

అవన్నీ పోనివ్వండి. నా గొడవ చొక్కాది.

మీరు జేబు మీద ఉన్నారు. సరే. స్కర్టు అంచున ఉన్నారు, పీఈ టీషర్టు వీపు మీద ఉన్నారు, బెల్టు బకిల్ మీద, బ్యాగు మీద, ఐడీ ట్యాగు మీద, స్విమ్మింగ్ క్యాప్ మీద ఉన్నారు. సాక్సుల మీద కూడా ఉన్నారు, అదీ మడమ దగ్గర, బూటు లోపలికి వెళ్ళిపోయే చోట. అక్కడ మీ దర్శనం ఎవరికండీ? పిల్ల బొటనవేలికా? ఒక్కో షర్టు 1,150 రూపాయలు. ఇలాంటి గుడ్డ సుల్తాన్ బజార్‌లో సగానికి కుట్టించుకోవచ్చు. మిగతా సగం మీకు దక్షిణ.

డబ్బు సంగతి కూడా పక్కన పెడతాను. మాకు ఇద్దరు ఆడపిల్లలు. రెండేళ్ళ తేడా. పెద్దది పొడుగయ్యేకొద్దీ దాని యూనిఫాంలు ఉతికి, ఇస్త్రీ చేసి, కలరా ఉండలు వేసి బీరువా పైఅరలో దాచుకుంటూ వచ్చాను. 32 సైజువి మూడు షర్టులు. మూడింటికీ గుండీలన్నీ ఉన్నాయి. ఒకదానికి మోచేతి దగ్గర చిన్న సిరా మరక, అంతే. చిన్నది రెండేళ్ళుగా వాటికోసం ఎదురుచూస్తోంది, ఎందుకంటే అక్క షర్టు వేసుకోవడమంటే పెద్ద క్లాసుకు వెళ్ళినట్టే దాని లెక్కలో. మన ఇళ్ళల్లో ఇది కొత్తగా చెప్పాలా? అక్క చొక్కా చెల్లికి, చెల్లిది పిన్ని కూతురికి, అక్కడా పాతబడితే పక్కింటి పాపకి. ఆ మూడు షర్టులూ ఇప్పుడు అలాగే పైఅరలో ఉన్నాయి. వాటి తప్పల్లా దీపం ఉండటం.

దీన్ని మించిన తమాషా ఒకటి చెబుతాను వినండి. గ్రేడ్ 5 చివర్లో పీవైపీ (ఐబీలో ప్రైమరీ చదువు) ఎగ్జిబిషన్ ఉంటుంది కదా, మా చిన్నది 'షేరింగ్ ద ప్లానెట్' అనే అంశం కింద బట్టల వృథా మీద ప్రాజెక్టు చేసింది. నెలన్నరపాటు మా డైనింగ్ టేబుల్ మీద అన్నం తినడానికి చోటు లేదు. ఒక కాటన్ షర్టు తయారు కావడానికి సుమారు 2,700 లీటర్ల నీళ్ళు పడతాయని చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసింది. 'వేసుకున్నదే మళ్ళీ వేసుకోండి' అని స్లోగన్ పెట్టింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ సూటు కుర్రాడే వచ్చి ఆ చార్టు పక్కన నిలబడి ఫోటో దిగాడు. తర్వాతి వారమే మీ సర్క్యులర్.

ఆ రాత్రి చిన్నది కాగితం మీద లెక్క వేసి చూపించింది. "మూడు షర్టులకు 8,100 లీటర్లమ్మా. మన అపార్ట్‌మెంట్‌కి వచ్చే ట్యాంకరు ఎంత?" ఐదు వేల లీటర్లు. వేసవిలో దానికోసం మెట్ల మీద కూర్చుని ఎదురుచూస్తాం. అంటే రెండు వంకర గీతలూ ఒక చుక్కా రావడం కోసం, మా ఒక్క ఇంటి నుంచే ట్యాంకరున్నర కంటే ఎక్కువ నీళ్ళు పోసిన గుడ్డ పనికిరాకుండా పోయింది. అదీ షర్టుల వరకే. స్కూలు మొత్తానికి లెక్క వేస్తానంది, పడుకోమన్నాను.

అత్తయ్యగారు పాతకాలం మనిషి, ఇంత రాద్ధాంతం ఎందుకన్నారు. "ఆ బొమ్మ మీద కొత్త బొమ్మ కుట్టిస్తే పోలా?" నిజమే కదా అని స్కూలుకు మెయిల్ పెట్టాను. మీ లోగో ప్యాచ్ విడిగా అమ్మండి, కావలసినంత డబ్బు తీసుకోండి, మేం కుట్టుకుంటాం అని. జవాబు మూడు లైన్లు. ప్యాచ్ కుదరదు. బ్రాండ్ నియమాల ప్రకారం లోగో చుట్టూ నిర్ణీతమైన ఖాళీ స్థలం ఉండి తీరాలి. మీ చుట్టూ ఖాళీ ఉండాలి! ముగ్గురు పట్టే బస్సు సీట్లో నలుగురు పిల్లల్ని కూర్చోబెడతారు, మీకు మాత్రం చుట్టూ గాలి ఆడాలి.

అయినా ఊరుకోలేక ఒక షర్టు తీసి విప్పడానికి కూర్చున్నాను. ఎంబ్రాయిడరీ పైనుంచి పీకితే గుడ్డ చిరుగుతుంది, లోపలివైపు నుంచి దారం కోసుకుంటూ రావాలి. వెనక గట్టి కాగితంలాంటి అస్తరు ఉంటుంది, అది గోరుతో గీకితే పొరలు పొరలుగా వస్తుంది. పసుపు దారం, మెరూన్ దారం ఒళ్ళంతా అంటుకున్నాయి. మొత్తం విప్పేశాక చూస్తే, దీపం పోలేదు. మిగతా చొక్కా ఉతుకులకు వెలిసిపోయింది కదా, దీపం కింద ఉన్న గుడ్డ మాత్రం కొన్నప్పటి నీలంలో అలాగే ఉంది. చుట్టూ సూది బెజ్జాలు. కుట్టున్నప్పటి కంటే స్పష్టంగా కనబడుతోంది.

ఇందులో చట్టాలకు తక్కువేమీ లేదు. లక్నోలో ఉండే మా ఆడపడుచు చెప్పింది, ఉత్తరప్రదేశ్‌లో 2018లో తెచ్చిన ఫీజుల చట్టంలోనే ఒక మాట రాసిపెట్టారట, వరుసగా ఐదు విద్యాసంవత్సరాల లోపల యూనిఫాం మార్చకూడదని. ఇక మన దగ్గర, ప్రైవేటు బడుల ఆవరణలో యూనిఫాంలు, బూట్లు, బెల్టులు అమ్మొద్దని హైదరాబాద్ జిల్లా విద్యాశాఖాధికారి (డీఈఓ) 2024 మే చివర్లో ఉత్తర్వు ఇచ్చారు. మన స్కూలు ఉత్తర్వులను గౌరవించే స్కూలు. అందుకే ఆవరణలో అమ్మలేదు. ప్రహరీ గోడ అవతల షట్టరు అద్దెకు తీసుకున్నారు. గోడలో చిన్న గేటు పెట్టారు, దానికి బాణం గుర్తు వేశారు. బాణం మీదా నువ్వే.

అవును, నువ్వే. ఇక గారూ గీరూ నా వల్ల కాదు.

ఇవాళ సాయంత్రం ఇంటికొచ్చి చెమట తుడుచుకుంటుంటే ఇంకో సర్క్యులర్ వచ్చింది. పాత యూనిఫాంలను వృథా చేయకండి, గేటు దగ్గర పెట్టిన డబ్బాలో వేయండి, పేద పిల్లలకు అందజేస్తాం అని. అమ్మయ్య, ఈ ఒక్క పనైనా బుద్ధిగా చేశారనుకున్నాను. కింద ఇంకో లైను ఉంది. వేసే ముందు దయచేసి పాత లోగో భాగాన్ని కత్తిరించి వేయవలెను.

కత్తిరించి. జేబు ఎక్కడుంటుందో తెలుసా నీకు? ఎడమవైపు, గుండె మీద. మా పిల్ల షర్టు ఇంకో పిల్ల వేసుకోవాలంటే ముందు నేను కత్తెర తీసుకుని దాని గుండె దగ్గర అరచేతంత కన్నం పెట్టాలా? ఆ కన్నంలోంచి ఒళ్ళు కనబడుతుంటే ఆ పిల్ల ఏ బడికి వెళ్తుంది? అమ్ముడుపోయిన స్కూలు పాత గుర్తు ఏ పేద పిల్ల జేబు మీదో కనబడితే నీ పరువు పోతుందా? పరువు నీకెక్కడిది, నువ్వు పుట్టి మూడు వారాలైంది. రెండో గీత కరుణ అన్నారే, అదేనా ఇది?

చెప్పేది విను. సిరా మరక ఉన్న షర్టు, మరక లేని షర్టు, రెండూ ఇస్త్రీ చేసి పెట్టాను. దీపంతో సహా. బెజ్జాలు పడిన మూడోది కూడా ఉంది, ఆ రెండూ తడిస్తే వేసుకుంటుంది. స్కూలు తెరిచిన రోజు మా చిన్నది అక్క షర్టు వేసుకునే వస్తుంది. గేటు దగ్గర ఆపితే నాకు ఫోన్ చేయమనండి, నేనే వచ్చి పక్కన నిలబడతాను. ఫైన్ వేస్తే కడతాను గానీ ఏ తప్పుకు వేశారో కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ కాగితం పైన నువ్వుంటావుగా, ఉండు. డీఈఓ ఆఫీసులో చూపించడానికి బాగుంటుంది.

ఇట్లు,
గోదావరి హౌస్ పిల్ల తల్లి
(ఫాల్కన్స్ ఎవరో మాకు తెలియదు)

తా.క.: 32 సైజు స్టాక్ వచ్చిందని ఇప్పుడే మెసేజ్ వచ్చింది. ఎవరైనా కావలసినవాళ్ళు తీసుకోండి.