గుండె దడ తగ్గాక రాద్దామనుకున్నా, తగ్గట్లేదు

ఇప్పుడే మా మారుతి జిప్సీ జీపు కింద నుంచి బయటికొచ్చా. చేతుల మసి కూడా కడుక్కోలేదు, ఫోన్ నిండా గ్రీజు. టై రాడ్‌కి వెల్డింగ్ చేశాడండీ ఆ మెకానిక్ మహానుభావుడు. ముందు చక్రాలు రెండిటినీ కలిపి తిప్పే స్టీరింగ్ రాడ్‌కి. వెల్డింగ్.

పోయిన నెల బండికి కరెంటు పవర్ స్టీరింగ్ పెట్టించా. 31 అంగుళాల టైర్లు వేశాక పార్కింగ్‌లో తిప్పాలంటే భుజాలు ఊడొచ్చేవి, రివర్స్ తీస్తుంటే వాచ్‌మన్ జాలిగా చూసేవాడు. స్క్రాప్‌లో దొరికిన చిన్న కారు స్టీరింగ్ కాలమ్, దాని మోటారు, దాని కంప్యూటర్ డబ్బా, బ్రాకెట్లు, వైరింగ్, కూలీ అన్నీ కలిపి 38 వేలు. ఎలాగూ విప్పుతున్నావు కదా, వంకరపోయిన టై రాడ్ కూడా తీసేసి కొత్తది వెయ్యి అని మరీ మరీ చెప్పా. బిల్లులో "కొత్త రాడ్" అని రాశాడు, డబ్బులూ తీసుకున్నాడు.

ఇవాళ కింద పడుకుని గ్రీజు కొడుతుంటే రాడ్ మధ్యలో బెత్తెడు మేర పెయింట్ మందంగా, ముద్దలా కనిపించింది. జేబులో రూపాయి బిళ్ల తీసి గీకా. నల్ల పెయింట్ లేచింది. దాని కింద పుట్టీ, అది కూడా పొడిపొడిగా రాలింది. దాని కింద చేప పొలుసుల్లాగా వరసగా వెల్డింగ్ మచ్చలు, చుట్టూతా. పాత రాడ్‌నే వంకరున్న చోట కోసి, అతికి, ముఖానికి పౌడర్ రాసినట్టు రాసి పంపాడు. మొన్న ఆదివారం దీంతోనే అనంతగిరి ఘాట్ దిగాను, వెనక సీట్లో మా పాప పాటలు పాడుకుంటోంది.

ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "ఏం కాదు సార్, ట్రాక్టర్లకి ఇట్లనే చేస్తం."

ఏం కాదట! ఈ మాట వింటే చాలు నాకు బీపీ. పవర్ స్టీరింగ్ అంటే చేతులకి సుఖం ఒక్కటే కాదు కదా. మునుపు టైరు రాయికి ఆనితే నా చెయ్యే ఆగిపోయేది, రాడ్ బతికేది. ఇప్పుడు మోటారుకి ఆ జాలి ఉండదు, తోస్తూనే ఉంటుంది, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ వంగుతుంది లేదా విరుగుతుంది. అందుకే పైన మోటారు పెట్టినవాడు కింద రాడ్లు, వాటి చివర కీళ్లు, స్టీరింగ్ బాక్స్ బిగించిన చోట చాసిస్ అన్నీ గట్టిచేసుకోవాలి. మనవాడు ఉన్నదాన్ని కోసి అతికాడు. ఇక ఆ కంప్యూటర్‌కి స్పీడ్ సిగ్నల్ కూడా ఇవ్వలేదు, 20లో ఎంత తేలిగ్గా తిరుగుతుందో 80లో కూడా అంతే, చిటికెన వేలు చాలు. అది అడిగితే "స్మూత్‌గా ఉంది కదా సార్" అని మురిసిపోయాడు.

వాడినొక్కడినే ఎందుకనాలి, మన ఆఫ్‌రోడ్ బ్యాచ్‌లో ఎంతమంది బండి కిందకి దూరి చూశారు? బానెట్ మీద లైట్ బార్ 15 వేలు, స్నార్కెల్, పక్కన జెర్రీ క్యాన్, వెనక పులి స్టిక్కర్. బండి ఎత్తు రెండంగుళాలు లిఫ్ట్ చేస్తారు, స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రానికి వెళ్లే డ్రాగ్ లింక్ రాడ్ ఏటవాలుగా దిగి గుంటలో పడ్డప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంటే "ఆఫ్‌రోడ్ ఫీల్ మామా" అంటారు. 60 దాటగానే ముందు చక్రాలు డాన్స్ చేస్తుంటే చక్రం పక్కకి తిరిగే కీలులోని కింగ్ పిన్ బేరింగులు చూడరు, ఊపు అణిచే డ్యాంపర్ ఒకటి తగిలించేస్తారు. జ్వరం వస్తే థర్మామీటర్ పగలగొట్టే రకం.

ఆగండి, బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అంటూ వచ్చే పెద్దమనుషులున్నారు కదా, నాకూ తెలుసు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పిందని తెలుసు, తర్వాత సవరించిన చట్టంలో ఒక్కో మార్పుకి 5 వేలు ఫైన్ అని కూడా తెలుసు, ఆర్నెల్ల జైలు సంగతీ తెలుసు. టైర్లు, లిఫ్ట్, స్టీరింగ్, లెక్కేసుకునే తిరుగుతున్నా. రోడ్డు మీద ఆపినవాళ్లందరూ టైర్లకేసే చూశారు. పుట్టీ కింద ఏముందో ఒక్కరూ గీకి చూడలేదు.

అసలు ఆ రాడ్ వంకరెందుకు పోయిందో చెప్పాలి. ఇది అసలు కథ.

మా బావ. రెండేళ్ల కిందట వాళ్ల తమ్ముడి బరాత్‌కని బండి అడిగాడు. పూలు కట్టి, పైన డీజే బాక్సులు పెట్టి, పది మందిని ఎక్కించి, డివైడర్ ఎక్కించాడు. మర్నాడు పొద్దున్నే మా ఇంటి ముందు పెట్టి, తాళాలు అమ్మ చేతికిచ్చి, టిఫిన్ తిని వెళ్లిపోయాడు. ఒక్క ముక్క చెప్పలేదు. రెండు నెలలకి ముందు టైర్ల లోపలి అంచులు నున్నగా గుండు గీసినట్టు అరిగిపోతే, రాడ్ వంగిందని అప్పుడు తెలిసింది నాకు. అడిగితే? "ఏం కాదురా బామ్మర్దీ, మా నాన్న జీపు పాతికేళ్లు నడిపాడు, ఈ అలైన్‌మెంట్లు గిలైన్‌మెంట్లు ఎరుగుదుమా." ఆ టైర్లు ఒక్కోటి ఎంతో అడగలేదు, ఇస్తాననీ అనలేదు. పైగా ప్రతి ఫంక్షన్‌లోనూ నా గురించి "వీడికి పెళ్లాం కన్నా జిప్సీ ఎక్కువ" అని జోకు. అందరూ నవ్వడం. మా ఆవిడ కూడా!

ఇది టైప్ చేస్తుండగానే అక్క ఫోన్. బావ మాట్లాడడు, అక్కతో మాట్లాడిస్తాడు, అదొక పద్ధతి. వచ్చే ఆదివారం వాళ్ల ఫ్రెండు కొడుకు బరాత్ అట, బండి కావాలట, "పవర్ స్టీరింగ్ పెట్టించావుగా, ఇప్పుడు బావకి తిప్పడం సులువే" అంటోంది.

రాడ్ విప్పేశా. వరండాలో గోడకి ఆనించి ఉంది. ముందు చక్రాలు రెండూ చెరో దిక్కు చూస్తున్నాయి. అక్క ఇంకా లైన్‌లోనే ఉంది.