కెప్టెన్ ఒక్కడే కాదు

స్టీమరు కెప్టెన్ రిచర్డ్ కింగ్ వంశం గురించిన మీ వ్యాసం బాగుంది గానీ, టెక్సస్‌లో అంత పెద్ద రాంచ్ (పశువుల్ని పెంచే క్షేత్రం) ఆయనొక్కడే కట్టినట్టు రాశారేంటండీ? 1854 ప్రాంతంలో కరువుకి మాడిపోతున్న ఓ మెక్సికన్ ఊళ్ళో పశువులన్నీ కొని, ఆ ఊరివాళ్ళని పిల్లాజెల్లాతో సహా వెంట తెచ్చుకున్నాడు. మంద కాసిందీ, గుర్రాల్ని మాలిమి చేసిందీ వాళ్ళే. తరాలుగా అక్కడే ఉన్న ఆ 'కినేన్యోస్'కి (అంటే 'కింగ్ మనుషులకి') మీ వ్యాసంలో ఒక్క వాక్యమేనా?

1885లో ఆయన పోతూ 5 లక్షల డాలర్ల అప్పు మిగిల్చాడు. దాన్నుంచి గట్టెక్కించింది భార్య హెన్రియెట్టా, లాయరు అల్లుడు క్లెబర్గ్. ఆవిడ 1925 దాకా బతికింది మరి!

అన్నట్టు, ఆ రాంచ్‌లో పుట్టిన సాంటా గెర్ట్రూడిస్ పశువుల్లో 3/8 వంతు బ్రాహ్మన్ అనే పశుజాతి రక్తం. ఆ బ్రాహ్మన్ జాతికి మూలాల్లో మన ఒంగోలు గిత్త కూడా ఉంది. ఆ సంగతీ రాయాల్సింది.