కెనడా పొగ, అమెరికా ఫిర్యాదు

2025 జులైలో మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యులు ఆరుగురు అమెరికాలోని కెనడా రాయబారికి లేఖ రాశారు. మీ కార్చిచ్చుల పొగతో మా జనం ఇల్లు కదల్లేకపోతున్నారు, వేసవి అంతా పాడవుతోంది, మీ అడవులను సరిగా చూసుకోండి అన్నది దాని సారాంశం.

మిన్నెసోటా చలి తెలిసినవారికి ఆ ఉక్రోషం అర్థమవుతుంది. నెలల తరబడి మంచులో గడిపి, ఎండ వచ్చిందనుకునేలోపు పొగ కమ్మేస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అక్కడి తెలుగువాళ్లకైనా అంతే. వనభోజనాలు, వీకెండ్ క్రికెట్, క్యాంపింగ్ అన్నీ ఆ మూడు నెలల్లోనే. అమ్మానాన్నలను పిలిపించుకునేదీ చాలావరకు అప్పుడే. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు మాత్రం ఈ పొగ టెన్షన్ కొంచెం అతిగా తోచవచ్చు. అందుకు సూచీల తేడా కూడా ఓ కారణం. గాలిలో పీఎం 2.5 (ఊపిరితిత్తుల్లోకి చొరబడే సన్నని ధూళికణాలు) ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములుంటే మన గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) 100, అంటే ‘సంతృప్తికరం’. అదే గాలి అమెరికా లెక్కలో 150 దాటి ‘అనారోగ్యకరం’ అవుతుంది. పీల్చే ఊపిరితిత్తులు మాత్రం రెండుచోట్లా ఒకటే.

కాబట్టి బాధ నిజమే. నిందే గురి తప్పింది. ఆ ఏడాది మే నెలలో కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో మంటల్లో చిక్కుకుని ఇద్దరు చనిపోయారు, దాదాపు 17 వేల మంది ఊళ్లు వదిలి వెళ్లారు. పొరుగింట్లో శవం లేస్తే మన పిక్నిక్ పాడైందని ఉత్తరం రాయడమేమిటి? ఆ రాష్ట్ర ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) వాబ్ కిన్యూ మండిపడింది ఈ మాటల్లో కాకపోయినా, ఆయన కోపం అదే.

ఇక అడవుల నిర్వహణ సంగతి. కెనడా ఉత్తరాది అడవులు కోట్ల హెక్టార్లు. చాలాచోట్ల రోడ్డే లేదు. అక్కడ కాలే విస్తీర్ణంలో ఎక్కువ భాగం పిడుగుల వల్లే. ఊళ్లకు దూరంగా అంటుకున్న మంటను చాలాసార్లు కాలనిచ్చి గమనిస్తూ ఉంటారు, ఆర్పడానికి మనుషులు చాలరు గనుక. ఊళ్ల చుట్టూ ఎండుపుల్లలు తొలగించడం, ముందే అదుపులో తగలబెట్టడం లాంటి పనులు కెనడా ఇంకా ఎక్కువ చేయాల్సిందే. కానీ వాటితో చికాగో ఆకాశం తేటపడుతుందనుకుంటే భ్రమ.

సరిహద్దు దాటిన పొగపై అమెరికా ఒకసారి గెలిచిన మాట నిజమే. బ్రిటిష్ కొలంబియాలోని ట్రెయిల్ పట్టణంలో లోహం కరిగించే కర్మాగారం పొగకు వాషింగ్టన్ రాష్ట్ర రైతుల పంటలు దెబ్బతింటే, కెనడాదే బాధ్యతని 1941లో మధ్యవర్తుల ట్రిబ్యునల్ తేల్చింది. అంతర్జాతీయ పర్యావరణ చట్టంలో ఇప్పటికీ చెప్పుకునే తీర్పు అది. అయితే అక్కడ పొగగొట్టానికి యజమాని ఉన్నాడు. పిడుగుకు ఎవరున్నారు? పైగా 2020 సెప్టెంబరులో ఒరెగాన్, వాషింగ్టన్, కాలిఫోర్నియా మంటల పొగ వాంకూవర్‌ను ముంచెత్తింది. ఆ లెక్క కూడా తేల్చాలిగా.

మంటలకు అనువుగా అడవులను ఎండబెడుతున్న వేడి గురించి ఆ లేఖలో మాట లేదు. గ్రీన్‌హౌస్ వాయువులు ప్రజారోగ్యానికి ప్రమాదకరమన్న 2009 నాటి నిర్ధారణను రద్దు చేస్తామని అమెరికా పర్యావరణ సంస్థ ప్రతిపాదించిందీ అదే జులైలోనే. దానిపై కూడా ఆ సభ్యులు ఒక ఉత్తరం రాయాల్సింది. చిరునామా కోసం కెనడా రాజధాని ఒట్టావా వైపు చూడనక్కర్లేదు.