హ్యామక్ గారికి, పలమనేరు చలి నుంచి

మహారాజశ్రీ హ్యామక్ గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా పెద్దల అలవాటు. మీ కుశలానికేం, చెట్లకు కట్టుకుని పడుకునే గుడ్డ ఉయ్యాల మీరు, రెండు మామిడి చెట్ల మధ్య హాయిగా ఊగుతున్నారు. నా సంగతే బాగాలేదు. ముక్కు కారుతోంది, గొంతు పోయింది, అవ్వ ఇచ్చిన మిరియాల కషాయం పక్కన పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన పరిచయం తిరుపతిలో జరిగింది. రెండో అంతస్తు ఇంట్లో, ఫ్యాన్ మూడులో పెట్టుకుని నేను వీడియో చూస్తున్నాను. అందులో ఎవరో గడ్డం ఆయన మంచు కొండల మధ్య మీలో పడుకుని కాఫీ తాగుతున్నాడు. కింద రాళ్లున్నా పర్లేదట, తేళ్లూ జెర్రులూ దగ్గరికి రావట, నడుముకు ఎంతో సుఖమట. మడిస్తే చెంబంత, ధర 1,800. ఆయన మీ కింద ఇంకా ఏమేం కట్టాడో నేను చూడలేదు. కాఫీ వైపు చూశాను.

డిసెంబర్ చివర్లో రెండు రోజులు సెలవు దొరికితే మిమ్మల్ని సంచిలో వేసుకుని అవ్వ వాళ్ల తోటకు బయల్దేరాను. మొగిలి ఘాట్ ఎక్కుతుంటే కిటికీ మూయమని వెనక సీటు ఆవిడ కసిరింది. అప్పుడైనా నాకు అర్థం కావలసింది. పలమనేరు 680 మీటర్ల ఎత్తు, తిరుపతి కంటే దాదాపు 500 మీటర్లు పైన. ఆ ఎత్తు ఒక్కదానికే మూడు డిగ్రీల దాకా తగ్గుతుంది. దానికి ధనుర్మాసం తోడు.

మిమ్మల్ని చెట్లకు కడుతుంటే అవ్వ వచ్చి చూసింది. "ఏం నాయనా, ఇంట్లో మంచాలకు కరువొచ్చిందా?" అంది. మామ ఇంకో అడుగు ముందుకేశాడు. "ఏనుగు తొండానికి సరిగ్గా అందే ఎత్తులో కట్టినావు రా." అది వట్టి ఎగతాళి కాదు. కౌండిన్య అడవి చుట్టుపక్కల ఊళ్లలో ఏనుగులు పొలాల మీద పడడం మామూలే. అక్కడ రైతులు పంట కాపలాకు మంచెల మీద పడుకుంటారు. మా తోట అడవికి దూరమే గానీ, ఆ మాట అర్ధరాత్రి కొమ్మ విరిగిన ప్రతిసారీ గుర్తొచ్చింది. ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే ఆ మంచెలో ఇంకో విషయం ఉంది. కింద బెత్తెడు మందం వరిగడ్డి పరుస్తారు, ఆ తర్వాతే కంబళి కప్పుకుంటారు. కిందిది ముందు, పైది తర్వాత. నేను పైదానికి మాత్రమే డబ్బు పెట్టాను.

రాత్రి పదింటికి మీరు స్వర్గం. పదకొండుకు వీపు కింద ఎవరో తడిగుడ్డ పరిచినట్టయింది. ఒంటిగంటకు పిరుదులు నావి కావు. ఫోన్‌లో చూస్తే 14 డిగ్రీలు. పద్నాలుగుకే ఇంత గోలా అని ఢిల్లీలో ఉన్న మా చుట్టాలు నవ్వుతారు. వాళ్లు మంచం మీద పరుపేసుకుని నవ్వుతారు, అదీ తేడా. మీలో పడుకునే అలవాటున్నవాళ్లు 20 డిగ్రీలకే కింద ఏదో ఒకటి కట్టుకుంటారని నాకు తర్వాత తెలిసింది.

నేను దూరి పడుకున్న సంచి, అదే నా స్లీపింగ్ బ్యాగ్ మీద 5 డిగ్రీల దాకా పనికొస్తుందని అచ్చేసి ఉంది. అబద్ధం కాదు. ఆ లెక్క కింద పరుపు ఉందనుకుని వేసింది. వెచ్చదనం దూదిది కాదు, దూది పట్టి ఉంచే గాలిది. నా 74 కిలోలు మీద పడ్డాక కింద వైపు ఆ గాలి ఎక్కడుంటుంది? సంచి పైన పొంగిన పూరీ, కింద అప్పడం. అప్పడం కింద మీ పల్చటి నైలాన్ గుడ్డ, దాని కింద తోటంతా తిరిగొచ్చిన గాలి.

యోగా మ్యాట్ కూడా తెచ్చుకున్నాను. అటు తిరిగితే ఇటు, ఇటు తిరిగితే అటు, చేపలా జారింది. జారకుండా కుదురుగా ఉన్న పది నిమిషాలూ మీరు రెండు వైపుల నుంచి భుజాలను గట్టిగా వాటేసుకుని అక్కడి నుంచి చలి పెట్టారు.

రెండింటికి నా మర్యాద కూడా గడ్డకట్టింది. ఇక నువ్వు అంటాను, ఏమీ అనుకోకు. నిద్ర పట్టక నీ పుట్టుపూర్వోత్తరాలు వెతికాను. కరీబియన్ దీవుల్లో తైనో జనం నీలో పడుకునేవాళ్లు, 1492లో కొలంబస్ నిన్ను అక్కడే చూశాడు, నీ పేరు కూడా వాళ్ల మాటే. అంటే ఉక్కపోసే దేశంలో ఒంటి కింద గాలి ఆడడానికి పుట్టినదానివి. వీపుకు ఫ్యాన్ పెట్టడం నీ ఇంటి విద్య. మార్గశిరంలో నిన్ను వెచ్చదనం అడిగిన తప్పు నాది. అయినా తిట్టడానికి ఆ వేళకు నువ్వే దొరికావు.

తెల్లవారుజామున ఊళ్లో గుడి మైకులో తిరుప్పావై మొదలైంది. ఈ నెలంతా తిరుమలలో కూడా సుప్రభాతం బదులు తిరుప్పావైతోనే స్వామిని మేల్కొలుపుతారు. ఏదైతేనేం, పడుకున్నవాళ్లకు కదా మేలుకొలుపు.

పొద్దున నా వాలకం చూసి అవ్వ నవ్వలేదు, అదే ఎక్కువ బాధ. "చలికాలంలో చంటిబిడ్డను పండబెట్టేటప్పుడు చీర ఉయ్యాల కింద బొంత కట్టకుండా ఎవరన్నా పండబెడతారా?" అంది. సాయంత్రం బొంత తెచ్చింది. నాలుగు పాత చీరలు, తాత పంచె, ఒక మూల నా బడి నిక్కరు ఖాకీ ముక్క, అన్నిటి మీదా తెల్లదారం కుట్లు వరస తప్పకుండా. లోపల పరచబోయాను. "లోపలేస్తే నీ బరువుకు అణిగిపోతుంది, బయట కట్టు" అంది. ఎనభై దాటిన ఆమె భౌతికశాస్త్రం ఎక్కడ చదివిందో! ఇలాంటిదే బయట అండర్‌క్విల్ట్ అని పేరు పెట్టి నీకంటే ఎక్కువ ధరకు అమ్ముతారు.

నాలుగు మూలలకూ పురికొస కట్టి నీ కింద వేలాడదీశాం. మొదట జానెడు జారింది, మధ్యలోంచి గాలి దర్జాగా నడిచిపోయింది. గట్టిగా లాగితే నీకు అతుక్కుని అది కూడా అప్పడమైంది. మూడోసారికి వీపును ముట్టీ ముట్టనట్టు కుదిరింది, పక్కలు తెరుచుకోకుండా పిన్నీసులు పెట్టింది అవ్వ. కుంపటి కూడా పెడతానంది. నువ్వు నైలాన్‌వని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. వేడివేడి సంగటి, ఊరిబిండి తిని, సాక్సులో వేన్నీళ్ల సీసా పెట్టి కాళ్ల దగ్గర దోపుకుని, ఏటవాలుగా పడుకున్నాను. ముసుగు మాత్రం తన్నలేదు, ఊపిరి తడికి సంచి చెమ్మగిల్లుతుందని ముక్కు బయటే ఉంచాను.

ఐదు గంటలు పోయిన ప్రాణంలా నిద్రపోయాను. మూడింటికి ఒంటేలుకు లేవాల్సొచ్చింది, జిప్పు ఇరుక్కుంది, ఆ కథ మన మధ్యే ఉండనీ.

ఇట్లు,
ముక్కు తుడుచుకుంటూ,
మీ వినియోగదారుడు

తా.క.: బొంత నాకిచ్చెయ్ అవ్వా అని అడిగాను. "తీసుకుపో, నీ ఉయ్యాల ఇక్కడ పెట్టిపో" అంది. రేపటి నుంచి మీరు వసారాలో దూలానికి వేలాడతారు, మీలో రెండు బుట్టల ఎర్రగడ్డలు పోస్తుందట. కింద గాలి బాగా ఆడుతుంది, కుళ్లవు అంటోంది.