సిగ్నల్ బూస్టరు వారి సముఖమునకు

ఇంట్లో సెల్‌ఫోను సిగ్నల్ పెంచుతామని వేంచేసిన మహారాజశ్రీ సిగ్నల్ బూస్టరు వారి సముఖమునకు, పర్లాకిమిడి నుంచి రిటైరైన లెక్కల మాస్టారు ఒకడు నమస్కరించి వ్రాసుకొంటున్న విన్నపం.

తమరు క్షేమమని తలుస్తాను. మా ఇంట్లో నిన్నటి నుంచి క్షేమంగా ఉన్నది తమరొక్కరే.

నిన్న శనివారం మధ్యాహ్నం గ్యాసు అబ్బాయి నిండు సిలిండరును గుమ్మంలో దించి, "మాస్టారూ, కోడ్ చెప్పండి" అని కేకవేసే సమయానికి నేను డాబా మీద, మిట్టమధ్యాహ్నపు ఎండలో, తమరి బయటి యాంటెన్నాను రెండు చేతులా పట్టుకొని గడియారం ముల్లులా తిరుగుతున్నాను. ఫోను కింద మా ఆవిడ చేతిలో ఉంది. పచ్చదీపం వెలుగుతోందని ఆవిడ చెప్పింది. పచ్చదీపం వెలిగితే సిగ్నల్ ఉన్నట్టేనని తమరి పెట్టె మీద అచ్చువేసి ఉంది కనుక, "ఒక్క నిమిషం ఆగు నాయనా, ఇప్పుడే వచ్చేస్తుంది" అంటూ ఆ అబ్బాయిని పావుగంట నిలబెట్టాను. అతడు మర్యాదస్తుడు, ఏమీ అనకుండా సిలిండరును మళ్లీ భుజానికెత్తుకొని, "సోమవారం వస్తాను లెండి" అని వెళ్లిపోయాడు. నేను కిందికి దిగి, ఫోను లాక్కొని, మళ్లీ డాబా ఎక్కేసరికి అతని బండి వీధి మలుపు తిరుగుతూ కనిపించింది. అదే క్షణంలో నా చేతిలో ఫోను మోగింది. కోడ్ వచ్చింది.

తప్పు కొంత మాదే. పెంకుటింట్లో ఉన్నన్నాళ్లు మాకు తమరి అవసరం లేదు. పడకకుర్చీలో కూర్చునే బెంగళూరులోని మా అమ్మాయితో మాట్లాడేవాణ్ణి. ఆ ఇల్లు పడగొట్టి ఇనుపచువ్వలూ కాంక్రీటూ పోసి స్లాబు వేయించిన నాటి నుంచి వానతోపాటు సిగ్నల్ కూడా లోపలికి రావడం మానేసింది. అందుకే 4,800 రూపాయలు పోసి తమరిని తెప్పించుకొన్నాము. తమరితోపాటు వచ్చిన కాగితం ఏ భాషలో ఉన్నదో తేల్చుకోలేకపోయాను. అక్షరాలు ఇంగ్లీషువే. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే పాఠాలు చెబుతూ, సవరల భాష నేర్చుకొని దానికి నిఘంటువు కూర్చారు. తమరి కాగితం ఆయన చేతిలో పెట్టినా తిరిగి ఇచ్చేసేవారని నా అనుమానం.

ఆ కాగితం "యాంటెన్నాను దగ్గరి టవరు వైపు తిప్పవలెను" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఏ టవరు స్వామీ? ఉత్తరానికి తిప్పితే ఒడిశా టవరు ఒక గీత ఇస్తుంది. దక్షిణానికి తిప్పితే కూతవేటు దూరంలోని పాతపట్నం వైపు నుంచి ఆంధ్రా టవరు రెండు గీతలు చూపించి, ఆంధ్రప్రదేశ్‌కు స్వాగతమని సందేశం పంపి, మాట కలిసేలోగా ముఖం చాటేస్తుంది. 1936 ఏప్రిల్ 1న మా ఊరిని ఒడిశాలో కలుపుతూ పెద్దలు గీసిన గీత సరిగ్గా మా నీళ్ల ట్యాంకు మీదుగా పోయిందని నా ఫోను గట్టి నమ్మకం.

ఇవన్నీ మన్నించగలను. మన్నించలేనిది తమరి ఎర్రదీపం.

బయటి యాంటెన్నా ఆకాశంలోని సన్నని గొంతును పట్టి తెస్తే, తమరు దానిని 65 డెసిబెల్స్ పెంచి లోపలి యాంటెన్నా ద్వారా వినిపిస్తారట. 65 డెసిబెల్స్ అంటే లెక్క ప్రకారం 31 లక్షల రెట్లకు పైనే. నేను కాగితం మీద రెండుసార్లు చేసి చూసుకొన్నాను. అంత పెద్ద గొంతు ఇంట్లోంచి పైకి పాకి మళ్లీ బయటి యాంటెన్నా చెవిన పడితే, తమరు అది టవరు మాటే అనుకొని దానిని కూడా 31 లక్షల రెట్లు పెంచుతారు, పెరిగినది మళ్లీ పైకి పోతుంది, పోయినది మళ్లీ కిందికి వస్తుంది. జాతర పందిట్లో మైకును లౌడుస్పీకరు ఎదుట పెడితే పుట్టే కూత ఇదే. అయితే మైకు కూస్తే చెవులు మూసుకొనేది ఊరు. తమరు కూస్తే నోరు మూసుకొనేది తమరే. ఎర్రదీపం వెలిగించి మౌనవ్రతం పట్టేస్తారు. తన గొంతు తానే విని జడుసుకొనే పిల్లవాణ్ణి నా 34 ఏళ్ల ఉద్యోగంలో ఇన్‌స్పెక్షన్ రోజున కూడా చూడలేదు.

దీనికి మందు, రెండు యాంటెన్నాల మధ్య కనీసం ఇరవై అడుగుల ఎడమట. మా డాబా నుంచి నట్టింటి నేలకు పదకొండు అడుగులు. లోపలి యాంటెన్నాను పడకగదిలో పెట్టాము, ఎర్రదీపం. నట్టింట్లో పెట్టాము, ఎర్రదీపం. బయటిదానికి ఇనుపగొట్టం కట్టి నీళ్ల ట్యాంకు నెత్తిన నిలబెట్టాము, అప్పుడూ ఎర్రదీపమే. పక్కింటి ఐటీఐ కుర్రవాడు "తాతగారూ, నేనున్నాను" అని వచ్చి మెట్ల మధ్యలో నిలబడి, నా కేకను కిందికీ, మా ఆవిడ కేకను పైకీ రెండు గంటలపాటు అందించాడు. నిన్న మా ఇంట్లో సక్రమంగా పనిచేసిన బూస్టరు వాడొక్కడే.

చివరకు ఇంటికి ఆ కొసనున్న దేవుడి గదిలో పెడితే పచ్చదీపం వెలిగింది. వెలిగింది కాని, లక్ష్మీదేవి పటానికి జానెడు దూరంలో ఫోను పెడితే రెండు గీతలు, మూరెడు జరిపితే సున్న. మా ఆవిడ తడిచీర కట్టుకోనిదే ఆ గడప లోపలికి అడుగుపెట్టదు. గ్యాసు అబ్బాయి వచ్చినప్పుడు ఆవిడ గడప బయట నిలబడి ఉంది. ఆమెకు పచ్చదీపం కనబడుతూనే ఉంది. ఏమయ్యా, రెండు మూరల అవతల నిలబడిన మనిషికి నాలుగంకెలు అందించలేనివాడివి ఆ పచ్చదీపం ఎవరి కోసం వెలిగించినట్టు? లోపల నీ పని బాగానే ఉందని నీకు నువ్వే చెప్పుకోవడానికా? ఆ పచ్చదీపం కన్నా నీ ఎర్రదీపమే నయం. అది నిజం చెప్పింది!

కోపం వచ్చి మర్యాద తప్పాను; ఇక ఆ మర్యాదను వెనక్కి పిలవను.

రాత్రి డాబా మీద కూర్చొని వెతికితే నీ జాతకం బయటపడింది. 1933లో వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం వచ్చినప్పటి నుంచే అనుమతి లేకుండా ఇటువంటి పరికరం దగ్గర ఉంచుకోవడమే తప్పట. లైసెన్సు ఉన్న టెలికాం సంస్థలు తప్ప మరెవ్వరూ బూస్టరు అమ్మకూడదు, కొనకూడదు, వాడకూడదు అని 2022 జనవరిలో కేంద్ర టెలికాం శాఖ కూడా మరోసారి చెప్పిందట. ఆ సంగతి నీ పెట్టె మీద లేదు. "గృహ వినియోగానికి శ్రేష్ఠము" అని మాత్రం ఉంది. దొంగతనం చేసినవాడికి దొరికేదాకా సొమ్మయినా దక్కుతుంది. నాకు ఒక్క ఫోను కాలయినా దక్కకుండానే దోషం చుట్టుకొంది. నీ కూత టవరు చెవిన కూడా పడి, చుట్టుపక్కలవారి మాటలను చెడగొడుతుందని చదివినప్పుడు నాకు చెమట పట్టింది. వారం రోజులుగా పక్కింటి కోడలుపిల్ల ఫోను మధ్యలో తెగిపోతోందని వాపోతుంటే, నేను గోడ మీదుగా ఆమెను ఓదార్చి, ఆమెతో కలిసి టవరును తిట్టాను.

అందుచేత నిన్ను తిప్పి పంపడానికి ఈ ఉదయమే అభ్యర్థన పెట్టాను. మంగళవారం మనిషి వస్తాడట. అతడు నిన్ను తీసుకొనిపోవాలంటే, గుమ్మంలో నిలబడి, అప్పటికప్పుడు నా ఫోనుకు వచ్చే ఆరంకెల కోడ్ నేను చెప్పాలట.

ఇట్లు,
సోమవారం గ్యాసు కోసం, మంగళవారం నీ కోసం
డాబా మీద కాచుకొని ఉండబోయే
మాస్టారు